మత్తయ్య మాస్టరుకు తప్పు దొరకదు

తాండూరు మత్తయ్య మాస్టరుకు లోకంలో తప్పన్నది కనబడదు. కళ్ళు బాగానే ఉన్నాయి. చెవులు అంతకన్నా బాగున్నాయి. కానీ ఎవరైనా పొరపాటు చేస్తే మనలాంటివాళ్ళకు నవ్వో కోపమో వస్తుంది. ఆయనకు మాత్రం ముచ్చటేస్తుంది. వెంటనే చెయ్యెత్తి, "ఆగుండ్రి! గిది మంచిగున్నది!" అంటాడు. ఆ మాట వినబడిందంటే ఎక్కడో ఎవరిదో పని చెడిందని తాండూరు జనానికి అర్థం.

ఒకసారి సెలూన్‌లో కత్తెర జారి ఆయన ఎడమ మీసం సగానికి తెగింది. సెలూనతను బిత్తరపోయి, కుడివైపు కూడా కత్తిరించి సరిచేస్తానన్నాడు. మత్తయ్య అద్దంలో అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకుని, "ఉండనీ తమ్మీ. గిటు సంది చూస్తే సిపాయి లెక్కున్న, గటు సంది చూస్తే గుమాస్తా లెక్కున్న. ఒక్క మొఖంల ఇద్దరు. మంచిగున్నది" అన్నాడు. రెండు నెలలు అలాగే తిరిగాడు. ఆయన భార్య బీరమ్మ ఆ రెండు నెలలూ బజారులో ఆయనకు కుడివైపే నడిచింది.

ఆయన వృత్తి పెళ్ళిబ్యాండులో క్లారినెట్. నలభై ఏళ్ళుగా అదే. ఒకసారి దౌల్తాబాద్‌లో పెళ్ళి బరాత్ ఊరేగుతుంటే, డోలు కొట్టే అతని చేతిలోంచి పుల్ల ఎగిరి ఎవరిదో నీళ్ళ బిందె మీద 'ఠంగ్' మని పడింది. పెళ్ళికొడుకు మేనమామ కళ్ళెర్రజేశాడు. మత్తయ్య వాయింపు ఆపలేదు. పాట తిరిగి అక్కడికి రాగానే కావాలని ఒక క్షణం ఆగి, డోలతనికి కన్నుగీటాడు. అతను మళ్ళీ పుల్ల విసిరాడు. ఠంగ్! మూడోసారికి మేనమామే బిందె ఎత్తి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏడాదిపాటు చుట్టుపక్కల ఏ పెళ్ళి కుదిరినా, "మాకు గా కట్టె ఇసిరే పాట పెట్టాలె" అని అడిగి మరీ మాట్లాడుకున్నారు.

అలాంటి మనిషి దగ్గరికి తనంతట తానే వెళ్ళింది స్నేహలత. వికారాబాద్‌లో వయొలిన్ నేర్పే టీచరు ఆమె. తప్పు కనబడితే అన్నం సహించని మనిషి. హోటల్ బోర్డు మీద అక్షరం తప్పుంటే, తన పర్సులోంచి స్కెచ్ పెన్ తీసి దిద్దాకే ఇడ్లీ చెప్పేది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఆమె తన శిష్యులతో వికారాబాద్‌లో కార్యక్రమం పెట్టుకుంది. హైదరాబాద్‌లో పెద్ద తీగవాద్యాల ఆర్కెస్ట్రా నడిపే బాలస్వామి వచ్చి వింటానన్నారు. నచ్చితే ఆ సంగీతాన్ని తమ ఆర్కెస్ట్రాతో వాయిస్తామనీ, ఆమె శిష్యులకు వేసవిలో శిక్షణ ఇస్తామనీ మాటిచ్చారు. కానీ వాయించడానికి కొత్తది కావాలి. స్నేహలత దగ్గర పదకొండు మంది ఉన్నారు: ఎనిమిది వయొలిన్లు, కాస్త పెద్దవైన వయోలాలు రెండు, కాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే చెల్లో ఒకటి. వీటి ముందు నిలబడి పాడినట్టు వాయించడానికి ఒక క్లారినెట్ ఉంటే బాగుంటుందనుకుంది. క్లారినెట్ అనగానే అందరూ చెప్పిన పేరు ఒకటే. రైలెక్కి తాండూరు వచ్చింది.

"మాస్టర్, మీ క్లారినెట్టుకు, మా తీగలకు కలిపి పది నిమిషాల సంగీతం రాసివ్వాలి మీరు."

మత్తయ్య కళ్ళు మెరిశాయి. "జాజ్‌ల రాస్త బిడ్డా!"

చాయ్ తెస్తున్న బీరమ్మ గుమ్మంలోనే ఆగింది. "జాజా? గోడలకు పూసే ఎర్రమన్నా? గది రాసుడేంది, పూసుడు గదా?"

"గా జాజు గాదే! జాజ్! నేను పడుచుతనంల సికింద్రాబాద్ బ్యాండ్ల ఉన్నప్పుడు మా ఉస్తాద్ నేర్పిండు. ఆయన బొంబాయి హోటళ్ళల్ల వాయించి వచ్చినోడు. జాజ్ అంటే ఏందంటే... అందరికి పాట తెల్సు. కానీ ఎవ్వరు ఎటు పోతరో తెల్వది. ఎవనికి తోచిన తొవ్వల వాడు పోతడు. ఆఖరికి అందరు ఒక్కకాడికొచ్చి కలుస్తరు."

"మీ అన్నదమ్ముల లెక్కనా?" అంది బీరమ్మ. "వాళ్ళు ఇంకా కలువలే."

స్నేహలతకు గుబులు పుట్టింది. "మాస్టర్, ఎవరు ఎటు పోతారో కాగితం మీద స్పష్టంగా రాసివ్వాలి."

"ఫికర్ జెయ్యకు. అంత రాస్త" అన్నాడు మత్తయ్య.

మూడు వారాల్లో రాసిచ్చాడు కూడా. స్వరాలు ముత్యాల్లా ఉన్నాయి; సికింద్రాబాద్ ఉస్తాద్ బాగానే నేర్పాడు. కాకపోతే ఎలా వాయించాలో చెబుతూ ఇలాంటి కాగితాల్లో వాడుకగా ఇటాలియన్ మాటలుండాల్సిన చోట్ల ఆయన మాటలున్నాయి. ఒకచోట 'జర ఆలస్యంగ, బస్సు దొరకనట్టు' అని ఉంది. ఇంకోచోట 'మెల్లగ. పిల్ల పండుకున్నది.' స్నేహలత పళ్ళు బిగబట్టింది. కానీ పియానో మీద వాయించి చూసుకుంటే ఒళ్ళు పులకరించింది. ముఖ్యంగా మధ్యభాగం. తీగలన్నీ పొడుగ్గా, నిశ్చలంగా సాగుతుంటే వాటి మీద క్లారినెట్ ఒక్కటే దారి వెతుక్కుంటూ తిరుగుతుంది. 'ఈ మనిషిలో ఇంత ఉందా!' అనుకుంది.

అనుకున్నది మొదటి రిహార్సల్ వరకే.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక బడిగదిలో సాధన. మొదటిరోజు నిరోషా అనే నర్సింగ్ విద్యార్థిని, వయొలిన్ల రెండో వరసలో కూర్చునే పిల్ల, ఒక బార్, అంటే తాళంలో ఒక ఆవృత్తం, ముందే మొదలుపెట్టేసింది. గదంతా ఆగింది. నిరోషా చెవులు ఎర్రబడ్డాయి. స్నేహలత "లెక్క..." అని నోరు తెరిచేలోపే మత్తయ్య చెయ్యెత్తాడు.

"ఆగుండ్రి! గిది మంచిగున్నది!"

చెవిమీది పెన్సిల్ తీసి కాగితం మీద బరబరా గీశాడు. వచ్చే వారానికి అక్కడ నిరోషా ఒక్కతే ముందుగా వచ్చి, మిగతా పదిమందీ ఆమె వెనక చేరేటట్టు మారిపోయింది.

మొదటిరోజు సాయంత్రమే మత్తయ్య తాండూరు ఇంటికి ఫోన్ చేసి జరిగింది చెబుతుంటే బీరమ్మ గాబరాపడిందట. "అయ్యో, నర్సు చదివే పిల్ల! బార్‌కెందుకు పోయింది? ఇంట్ల తెల్సునా?"

రెండో వారం చెల్లో వాయించే పాండుకు తీగ 'టప్' మని తెగింది. పాండు పగలు నాపరాళ్ళ పాలిష్ మిషన్ మీద పనిచేస్తాడు; చేతులు బరువు. "నా చెయ్యే గంత" అని గొణిగాడు. మత్తయ్య పెన్సిల్ తీశాడు. ఆ పై వారం అక్కడ చెల్లో తీగను వేళ్ళతో 'టప్' మని మీటాలని, దాని ఎదుట అచ్చ తెలుగులో 'పాండు టప్' అని ఉంది. ఇంకోరోజు రిహార్సల్ మధ్యలో జంక్షన్ నుంచి రైలుకూత వినబడింది.

"మాస్టర్, వద్దు" అంది స్నేహలత ముందే.

"నాలుగు బార్లు ఖాళీ ఇడిస్తె చాలు..."

"కార్యక్రమం రోజు రైలు లేటొస్తే?"

"ఆగుదం."

రైలును మాత్రం గంటసేపు వాదించి కొట్టేయించింది. మిగతావన్నీ మిగిలాయి. వారం వారం కొత్త కాగితాలు. జిరాక్స్ షాపు వెంకటయ్యకు సంగీతం రాకపోయినా, "మేడం, మూడో పేజీల మల్ల మారింది సూడుండ్రి" అని చెప్పే స్థితికొచ్చాడు.

వాయించేవాళ్ళలో చివరి కుర్చీ యోహాను సార్‌ది. డెబ్బై దాటిన రిటైర్డు పంతులు. వికారాబాద్‌లో వయొలిన్ పట్టిన సగంమందికి మొదటి పాఠం ఆయనే చెప్పాడు, స్నేహలతక్కూడా ఆయనే. ముందు వరసలో కూర్చోమంటే, "తలుపు కాడ గాలొస్తది బిడ్డా" అని వెనక్కి వెళ్ళిపోయేవాడు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. అనంతగిరి గుట్టల మీదినుంచి దిగే చలికి వేళ్ళు కాచుకుంటున్నాడనుకుంది స్నేహలత.

ఐదో వారం మత్తయ్య తెచ్చిన కాగితాలను స్నేహలత రెండుసార్లు తిరగేసింది. తన ప్రాణమైన మధ్యభాగంలో పొడుగు స్వరాలన్నీ పోయాయి. వాటి బదులు ప్రతి స్వరం మీదా మూడేసి అడ్డగీతలు. అంటే తీగలమీద కమానును నిదానంగా లాగకూడదు. ఉన్నచోటే ముందుకీ వెనక్కీ వేగంగా ఆడిస్తూ వణికించాలి. అందరూ. మొదటినుంచి చివరిదాకా.

"ఏంటి మాస్టర్ ఇది?"

"పోయిన వారం ఎవరిదో కమాను జర ఊగింది. మంచిగనిపిచ్చింది."

"ఎవరిది?"

"యాదికి లేదు."

"ఒకరిది ఊగితే పదకొండు మందికీ చలిజ్వరం తెప్పిస్తారా?"

"జరంల గూడ ఒక అందముంటది బిడ్డా."

స్నేహలత బతిమాలింది, కోప్పడింది, సగానికి బేరమాడింది. రైలును వదులుకున్న మనిషి ఈ వణుకును వదల్లేదు. "నన్ను గావాలంటె తీసెయ్యి. గది తియ్యకు" అన్నాడు. ఆయన గొంతులో అంత పట్టుదల ఆమె వినడం అదే మొదటిసారి.

కార్యక్రమానికి ముందురోజు ఆఖరి రిహార్సల్. మత్తయ్యకు బషీరాబాద్‌లో పెళ్ళిబ్యాండు ఉంది. కొంచెం ఆలస్యంగా వస్తానని చెప్పాడు. స్నేహలతకు ఇదే అదను అనిపించింది. రేపు బాలస్వామి ముందు పదకొండు మంది గజగజ వణకడం తలచుకుంటేనే ఆమెకు చెమటలు పడుతున్నాయి.

"వినండి. మధ్యభాగం మొదట రాసినట్టే వాయిస్తున్నాం. వణుకు లేదు. పొడుగ్గా, నిటారుగా. మాస్టరుకు నేను చెప్పుకుంటాను."

అందరి ముఖాల్లో హమ్మయ్య అన్న కళ వచ్చింది. ఒక్కరు తప్ప. ఆ ఒక్కరినీ ఆమె చూడలేదు.

తాళం చూపే కర్ర ఎత్తింది. తీగలు మెల్లగా మొదలయ్యాయి. ఎంత బాగుంది! పారే నీళ్ళలా, మడత లేని బట్టలా. ఒక బార్, రెండు, మూడు. నాలుగో దాంట్లో ఆమె చెవి ఏదో పట్టుకుంది. ఆ నునుపులో ఒక గరుకు. రేకుమీద చినుకులు పడ్డట్టు టకటకమని ఒక చప్పుడు, గది చివరనుంచి. నిరోషాకూ వినబడింది, ఓరగా వెనక్కి చూసింది. పాండు తల తిప్పాడు. ఒక్కొక్కరే కమాను దించేశారు. కడకు ఆ చప్పుడు ఒక్కటే మిగిలింది.

యోహాను సార్ కుడిచెయ్యి వణుకుతోంది. తీగమీద కమాను దానితోపాటే కొట్టుకుంటోంది. ఆయన అది ఆపాలని పెదవి కొరుక్కుని చూస్తున్నాడు. ఆగడం లేదు.

వయొలిన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఏడాదైతుంది బిడ్డా. గీ నెల సంది ఎక్కువైంది. మందులు మింగుతున్న. రేపు నేను కింద కూసొని వింట. గది గూడ మంచిదే గదా."

స్నేహలత కర్ర దించింది. తన ఏడేళ్ళ వయసులో సార్ చెయ్యే తన వేళ్ళను ఒక్కొక్కటిగా తీగమీద పెట్టింది. ఐదో వారం నుంచీ ఆ వణుకు మిగతా పది వణుకుల మధ్య దాక్కుని ఉంది. దాన్ని ఇప్పుడు పదిమంది ముందూ బట్టబయలు చేసింది తనే.

సరిగ్గా అప్పుడే మత్తయ్య వచ్చాడు. పెళ్ళినుంచి నేరుగా రావడంతో బంగారు జరీ కుట్టిన ఎర్రకోటు, భుజాలమీద కుచ్చులు, తలమీద టోపీ. యుద్ధం గెలిచి వచ్చిన జనరల్‌లా గుమ్మంలో నిలబడి అందరి ముఖాలూ చూశాడు. స్నేహలత చేతిలో పాత కాగితం చూశాడు. అర్థమైంది.

యోహాను సార్ తలెత్తాడు. "మత్తయ్యా, గా వణుకంత నాకోసమే రాసినవ్ గదా?"

"మీకోసం నేనెందుకు రాస్త సార్? మీరేమన్న నాకు పిల్లనిచ్చిన మామనా?" అన్నాడు మత్తయ్య టోపీ తీస్తూ. "దొంగతనం జేసిన. మీ కమాను ఊగంగ విన్న. నలపై ఏండ్ల సంది నేను దేవులాడుతున్న సప్పుడు గదే. అడిగితే మీరియ్యరని చెప్పకుండ తీస్కున్న."

"అబద్ధం."

"అబద్ధమైతే మీ చెవులతోటి మీరే తేల్చుండ్రి. జర ముందుకొచ్చి కూసోండ్రి."

స్నేహలత కర్ర పక్కన పెట్టింది. "సార్, తప్పు నాది" అంది. ఆమె నోట ఆ మాట విని ఎరుగని పాండు చేతిలోంచి కమాను జారిపడింది. ఆమె పట్టించుకోలేదు. కుర్చీ తెచ్చి అందరికీ ఎదురుగా వేసి, యోహాను సార్‌ను చెయ్యిపట్టి కూర్చోబెట్టింది. "మీరు వినండి. విన్నాక మీరేం చెబితే అది."

ఈసారి వణుకుతో మొదలుపెట్టారు. మత్తయ్య క్లారినెట్ అందుకున్నాడు. తాళానికి రవ్వంత వెనక, ఏ తొందరా లేని మనిషి నడిచినట్టు, స్వరాన్ని సగం కిందికి దించి, మళ్ళీ ఎత్తి. కింద తీగలు సన్నగా అదురుతుంటే ఆ ఒక్క గొంతు వాటిని ఓదార్చుకుంటూ పోతున్నట్టుంది. స్నేహలత మొదటిసారి దాన్ని కోపం లేకుండా విన్నది. నునుపైనదానికన్నా ఇదే బాగుంది. ఆ మాట ఒప్పుకోవడం ఆమెకు చేదుగా ఉంది. కానీ చెవి అబద్ధమాడలేదు.

యోహాను సార్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఏడుస్తాడేమోనని అందరికీ భయం. ఉన్నట్టుండి కళ్ళు తెరిచి గట్టిగా అరిచాడు.

"నిరోషా! ఏంది గది? భుజం ఊపుతున్నవేంది, బియ్యం చెరిగినట్టు! మణికట్టు! మణికట్టు నుంచి రావాలె!"

అందరూ ఆగిపోయారు.

"పాండూ, నువ్వైతే బండలు పాలిష్ పడుతున్నవ్! గింత కమానే సాలు, గింత!" వేళ్ళు చూపించాడు. అది చాలక లేచి నిరోషా చేతిలో వయొలిన్ లాక్కుని, గడ్డం కింద పెట్టుకుని చూపించాడు. తీగ సన్నగా, సమంగా, వెండిపొడి రాలినట్టు మోగింది. అందులో ఎంత జబ్బో, ఎంత అరవై ఏళ్ళ సాధనో చెప్పడం ఎవరివల్లా కాదు.

"మాకెవరికీ రావట్లేదు సార్" అంది స్నేహలత. "రేపు మీరు మొదటి కుర్చీలో కూర్చోకపోతే ఇది పాడవుతుంది."

యోహాను సార్ వయొలిన్ నిరోషాకు తిరిగిచ్చాడు. "నిజమే. ఒక్కనికి గూడ వస్తలేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున స్నేహలత బీరువాలోంచి ఆరు వారాల కాగితాలూ తీసి నేలమీద పరిచింది. ఇన్నాళ్ళూ వాటిల్లో తన చెడిన పనే చూసింది. ఇప్పుడు పేర్లు చదివింది. నిరోషా మొదటిరోజు ఇంటికెళ్ళి ఇక రానని మెసేజ్ పెట్టింది. రెండోవారం కాగితంలో ఆమెకంటూ ఒక బార్ ఉంది, ఆ పిల్ల మళ్ళీ మానలేదు. తీగ తెంపాక పాండు చెల్లోను తాకడానికే జంకాడు. 'పాండు టప్' వచ్చాక గంట ముందే వచ్చేవాడు. పెన్సిల్ పడిన ప్రతిచోటా ఆ పూట తల దించుకుని ఇంటికి పోయిన మనిషి ఒకరున్నారు. స్నేహలత దిద్దడానికి తీసిన ఎర్రపెన్నుకు మూత పెట్టేసింది.

సాయంత్రం కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగిందని చెప్పను. రెండుచోట్ల తడబడ్డారు, ఒకచోట బీరమ్మ మధ్యలోనే చప్పట్లు మొదలుపెట్టి హాలంతా కొట్టించింది. కానీ మధ్యభాగం వచ్చేసరికి కుర్చీల కిర్రు కూడా వినబడలేదు. అయిపోగానే బాలస్వామి వేదిక ఎక్కేశారు.

"మా నాయిన గొర్లు కాసెటోడు. పొద్దుగాల చలికి మంద మొత్తం ఒక్కకాడికి ముడుసుకొని వణుకుతుంటె, మా నాయిన ఏదో కూనిరాగం తీసుకుంట మధ్యల నడిచెటోడు. నాకు అచ్చం అదే కనబడ్డది. ఆ వణుకు ఎవరి ఆలోచన?"

"యోహాను సార్‌ది" అన్నాడు మత్తయ్య తడుముకోకుండా.

యోహాను సార్ కాదంటాడేమోనని స్నేహలత ఆయన వైపు చూసింది. ఆయన గంభీరంగా తలాడించాడు. "అవు, నాదే. అయితే గది మీ హైదరాబాదోళ్ళకు రాదు. మీవాళ్ళను నా కాడికి తోలుండ్రి, నేర్పుత."

బాలస్వామి నిజంగానే తోలారు. మార్చిలో ఒక ఆదివారం పన్నెండు మంది వయొలిన్ పెట్టెలు పట్టుకుని వికారాబాద్ స్టేషన్లో దిగారు. పెద్ద పెద్ద వేదికల మీద వాయించినవాళ్ళు. బడిగదిలో రెండు వరసలుగా కూర్చున్నారు. యోహాను సార్ బెత్తం లేని పంతులులా వాళ్ళ మధ్య తిరుగుతుంటే, స్నేహలత, మత్తయ్య బయట వరండాలో నిలబడి విన్నారు.

"మాస్టర్, ఇప్పుడైనా నిజం చెప్పండి. ఆ వణుకు సంగీతం కోసం రాశారా, సార్ కోసం రాశారా?"

"గీ చాయ్‌ల అల్లం ఎక్కువేసిండ్రు గదా?" అన్నాడు మత్తయ్య గ్లాసులోకి చూస్తూ.

"మాస్టర్!"

ఆయన జవాబు చెప్పేలోపే లోపలినుంచి యోహాను సార్ గొంతు ఖంగుమంది.

"ఎవరది చెయ్యి వణకకుండ వాయించేది? నువ్వేనా? లే! బయటికి పోయి నేర్చుకొని రాపో!"